గీతల మిషనుకు మోటారు పెడితే ఏమవుతుంది?

మన హాస్టల్లో గోడ వారగా వరసగా పెట్టుకున్న ట్రంకు పెట్టెలను ఒకసారి చూడండి. మూత మీద, పక్కల మీద ఉబ్బెత్తుగా గీతలు ఉంటాయి. అవి అందం కోసం అని చాలామంది అనుకుంటారు. అందం కోసం కాదు, బలం కోసం. ఆ గీతలు ఎలా పడతాయి, వాటిని వేసే చేతి మిషనుకు ఇంటి దగ్గరే మోటారు ఎలా పెట్టుకోవచ్చు, పెట్టేటప్పుడు ఏం జాగ్రత్త పడాలి అనేది ఈ వ్యాసంలో రాస్తున్నాను.

గీత వేస్తే బలం ఎందుకు వస్తుంది?

నోటు పుస్తకంలోంచి ఒక కాగితం తీసి, రెండు పుస్తకాల మధ్య వంతెనలాగ పెట్టండి. దాని మీద ఒక పెన్ను పెడితే కుంగిపోతది. అదే కాగితాన్ని విసనకర్రలాగ మడతలు మడతలుగా మడిచి పెట్టండి. ఇప్పుడు నాలుగు పెన్నులు పెట్టినా ఆగుతది. కాగితం అదే, బరువు అదే, ఆకారమే మారింది. ఏ వస్తువైనా వంగాలంటే దాని ఒక వైపు సాగాలి, ఇంకో వైపు నొక్కుకుపోవాలి. రేకు చదునుగా ఉంటే ఆ రెండు వైపులకు మధ్య దూరం చాలా తక్కువ, అందుకే తేలికగా వంగుతుంది. మడత గాని ఉబ్బు గీత గాని వేస్తే ఆ దూరం పెరుగుతుంది. వంచడం కష్టమవుతుంది. ఇంటి కప్పుకు వేసే అలల రేకుల్లో ఉన్నదీ ఇదే సూత్రం. అటువంటి అలల రేకుకు 1829లో లండన్‌లో హెన్రీ రాబిన్సన్ పామర్ అనే ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు.

మిషను ఎలా ఉంటుంది?

దీన్ని ఇంగ్లీషులో బీడ్ రోలర్ అంటారు. మనం గీతల మిషను అనుకుందాం. నోరు తెరిచినట్టుండే ఒక ఇనుప చట్రం ఉంటుంది. అందులో ఒకదాని మీద ఒకటి రెండు ఇరుసులు. పై ఇరుసు చివర ఉన్న చక్రానికి ఉబ్బు ఉంటుంది, కింది చక్రానికి సరిగ్గా అంత గాడి ఉంటుంది. రెండో చివర పళ్ళ చక్రాలు ఉంటాయి కాబట్టి ఒక ఇరుసు తిప్పితే రెండోది ఎదురు దిక్కున తిరుగుతుంది. రేకును మధ్యలో పెట్టి పిడి తిప్పితే, చెరకు మిషను చెరకును లాక్కున్నట్టు రేకును లాక్కుంటుంది. రేకు మీద గీత పడుతుంది.

పైన ఒక మర ఉంటుంది. దాన్ని బిగిస్తే చక్రాలు దగ్గరికి వస్తాయి. ఒకేసారి గట్టిగా బిగించకూడదు, రేకు మెలి తిరుగుతుంది, చిరిగినా చిరుగుతుంది. కొంచెం బిగించి ఒకసారి, ఇంకొంచెం బిగించి రెండోసారి, మళ్ళీ మూడోసారి నడపాలి.

ఎన్నిసార్లు తిప్పాలి?

లెక్క చేద్దాం. చక్రం వ్యాసం 6 సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత సుమారు 19 సెంటీమీటర్లు. అంటే పిడి ఒక చుట్టు తిప్పితే 19 సెంటీమీటర్ల గీత పడుతుంది. 75 సెంటీమీటర్ల పెట్టెకు ఒక గీత వేయాలంటే 4 చుట్లు. మూడుసార్లు నడపాలి కాబట్టి 12 చుట్లు. ఒక పెట్టెకు 8 గీతలైతే 96 చుట్లు. రోజుకు మూడు పెట్టెలు చేస్తే దాదాపు 300 చుట్లు.

రేకు పట్టుకునే మనిషికి రెండు చేతులూ కావాలి, లేకపోతే గీత వంకర పోతది. కాబట్టి పిడి తిప్పడానికి ఇంకో మనిషి ఉండాల్సిందే. కూలి ఇచ్చి మనిషిని పెట్టుకోలేని ఇంట్లో ఆ మనిషి ఎవరు? ఇంట్లో పిల్లే.

మా మేనమామ ఐ.టి.ఐ.లో రేకుల పని నేర్చుకొని, ఇంటి పంచలోనే పెట్టెలు, బియ్యం డబ్బాలు చేసి సంతలో అమ్ముతాడు. మా మరదలికి పన్నెండేళ్ళు. పిడి తిప్పడానికి ఆరో తరగతిలో బడి మానేసింది. అందుకే మా మామ మిషనుకు మోటారు పెట్టాలనుకున్నాడు. వేసవి సెలవుల్లో నేను దగ్గరుండి చూశాను.

మోటారు అంటే వేగం కాదు, నెమ్మది

మోటారు పెడితే పని గబగబ అయిపోతుంది కదా అని అందరూ అంటారు. ఇక్కడే అసలు సంగతి ఉంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు దిక్కు మారుతూ తిరిగి వస్తుంది. దానితో నడిచే మామూలు ఇండక్షన్ మోటారు నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరుగుతుంది. దాన్ని తెచ్చి నేరుగా ఇరుసుకు కలిపితే రేకు నిమిషానికి 273 మీటర్లు పోతుంది. అంటే సెకనుకు నాలుగున్నర మీటర్లు! కళ్ళు మూసి తెరిచేలోపు రేకుతో పాటు వేళ్ళు కూడా లోపలికి పోతాయి. మోటారుకు అది రేకో వేలో తెలియదు. చేతితో తిప్పే మనిషైతే "అబ్బా" అని కేక వినగానే ఆగుతుంది. మోటారు వినదు.

అందుకని వేగం తగ్గించాలి. మా మామ పాత ఇనుప సామాను కొట్టులో ఒక గేర్ల పెట్టె తెచ్చాడు. అందులో మర లాంటి ఇరుసు 40 చుట్లు తిరిగితే పెద్ద పళ్ళ చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 1440ని 40తో భాగిస్తే 36. తర్వాత మోటారు సైకిలు చైను వేశాడు. గేర్ల పెట్టె వైపు 14 పళ్ళ చక్రం, మిషను వైపు 42 పళ్ళ చక్రం. 36ని 3తో భాగిస్తే 12. ఇప్పుడు మిషను నిమిషానికి 12 చుట్లు తిరుగుతుంది. రేకు సెకనుకు నాలుగు సెంటీమీటర్ల కంటే తక్కువ పోతుంది. 75 సెంటీమీటర్ల గీతకు 20 సెకన్లు. చేత్తో తిప్పినంతే, ఎక్కువ కాదు.

వేగం తగ్గితే నష్టం కాదు. వేగం ఎన్ని వంతులు తగ్గితే తిప్పే బలం దాదాపు అన్ని వంతులు పెరుగుతుంది. గేర్లలో రాపిడికి కొంత పోతుంది, ఆ పెట్టెను ముట్టుకుంటే వెచ్చగా ఉండేది అందుకే. అయినా మిగిలిన బలం చాలు. అందువల్ల పావు హెచ్.పి. మోటారు, అంటే సుమారు 187 వాట్లది, పెట్టెల రేకుకు సరిపోతుంది.

తప్పకుండా పాటించాల్సినవి

1. స్విచ్ గోడకు ఉంటే చాలదు, కాలి కింద కూడా ఉండాలి. తొక్కినంతసేపే తిరగాలి, కాలు తీయగానే ఆగాలి. పొరపాటున కాలు తగలకుండా దాని మీద రేకు గూడు పెట్టాలి.

2. వెనక్కి తిప్పే స్విచ్ కూడా ఉండాలి. గేర్ల పెట్టె ఉన్నందువల్ల ఇరుక్కున్న దాన్ని చేత్తో వెనక్కి తిప్పలేము.

3. మోటారు నడిపే ముందు పిడి ఊడదీయాలి. లేకపోతే పిడి కూడా తిరిగి మోకాలికో ముఖానికో కొడుతుంది. కరెంటు పోయినప్పుడు చైను తీసేసి, పిడి పెట్టి తిప్పుకోవచ్చు.

4. చైనుకు, పళ్ళ చక్రాలకు రేకు మూత వేయాలి.

5. చున్నీ, వదులు జడ, రిబ్బను, గాజులు ఉండకూడదు. రేకు అంచు కోస్తుందని చేతి తొడుగులు వేసుకుంటారు, కాని తిరిగే చక్రాల దగ్గర తొడుగే చేతిని లోపలికి లాగుతుంది. కాబట్టి ముందే రేకు అంచును ఆకురాయితో నునుపు చేసుకోవాలి.

6. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ వైరు తప్పనిసరి. ఇనుప మిషనులోకి కరెంటు దిగితే రేకు పట్టుకున్న మనిషికే కొడుతుంది. వైరింగు తెలిసినవాళ్ళతోనే చేయించాలి.

7. మన ఊళ్ళల్లో సాయంత్రం ఓల్టేజి తగ్గుతుంది. మోటారు మూలుగుతూ తిరగకపోతే వెంటనే ఆపేయాలి, లేకపోతే చుట్టు కాలిపోతుంది.

8. పిల్లలు నడపకూడదు. పిల్లకు చేతిపని తప్పించడానికి పెట్టిన మోటారు దగ్గర మళ్ళీ పిల్లనే నిలబెడితే లాభమేముంది?

చివరిగా ఒక మాట

మోటారు పెట్టినాక మామ ఒక్కడే రెండు చేతులతో రేకు పట్టుకొని, కాలితో నడుపుకుంటున్నాడు. మా మరదలిని ఈ జూన్‌లో మళ్ళీ బడిలో చేర్చారు. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం 6 నుండి 14 ఏళ్ళ లోపు పిల్లలు మధ్యలో మానేసినా వాళ్ళ వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. చదువు వెనకబడితే అదనంగా నేర్పించాలి. ఇది చాలా ఇళ్ళల్లో తెలియదు.

వార్డెన్ గారికి, టీచర్లకు నా మనవి. బడి మానేసినవాళ్ళ ఇళ్ళకు మీరు వెళ్ళినప్పుడు "పిల్లను ఎందుకు పంపట్లేదు" అని అడుగుతారు. అప్పుడు తల్లిదండ్రులు తల వంచుకుంటారు, జవాబు చెప్పరు. దానికి బదులు "ఇంట్లో ఏ పని ఈమె చేతి మీద నడుస్తుంది" అని అడిగి చూడండి. ఒక ఇంట్లో అది పిడి తిప్పడం, ఇంకో ఇంట్లో నీళ్ళు మోయడం, ఇంకో ఇంట్లో చంటిబిడ్డను ఎత్తుకోవడం. ఆ పనికి ఏదో ఒక దారి చూపిస్తేనే ఆ పిల్ల పెట్టె సర్దుకొని మన హాస్టలుకు వస్తుంది.

— 9వ తరగతి విద్యార్థిని