గాలపు షికారుకు ఏ పడవ?

సెలవు దినమున గాలము చేతబట్టి నీటిపైకి పోవలెనని ముచ్చటపడువారు ముందుగా పడవ అందమును, వెలను విచారించుట కద్దు. ముందుగా విచారింపవలసినది నీటి స్వభావమని మా మనవి.

కృష్ణా, తుంగభద్రలపై తిరుగు పుట్టి గుండ్రని వెదురుబుట్ట. అడుగు చదునగుటచే మోకాటిలోతు నీటనైనను తేలును. కాని తెడ్డు నేర్పు లేనివాని చేతిలో గిరగిర తిరుగును. కొల్లేటివంటి నిశ్చల జలములకు తాటిదోనె చాలును. అందు లేచి నిలిచినచో బోల్తాపడు భయము కలదు. రెండింటిని జతచేసి సంగడి కట్టినచో కుదురు హెచ్చును.

సముద్రమున కెరటములు విరుగుచోట ఇవి పనికిరావు. దుంగలు కట్టిన తెప్పపై పడిన నీరు సందులగుండ జారిపోవును గనుకనే మన జాలరులు తరతరములుగా దానిని నమ్మిరి. ఇటీవలి దశాబ్దములలో ఫైబరు పడవలు చాలచోట్ల దాని స్థానమును ఆక్రమించినవి. అట్టి పడవ కొనువారు, లోన నీరు నిండినను మునుగనీయని తేలుడు అరలు కలవో లేవో పరీక్షింపవలెను.

పిమ్మట బరువు. నీటిమట్టమువద్ద 4 చదరపు మీటర్ల వైశాల్యముగల పడవ మంచినీటిలో ప్రతి 40 కిలోలకు 1 సెంటీమీటరు చొప్పున దిగును. మనుష్యులను, మంచుపెట్టెను, యంత్రమును, చమురును కూడ లెక్కింపుడు. పడవ అంచు నీటికి ఎంత ఎత్తున మిగులునో అంతయే మనకు రక్షణ.

ఈత వచ్చినవారును లైఫ్‌జాకెట్టు తొడుగవలెను. నలుగురు పట్టు పడవలో ఐదవవానిని మొగమోటముచే ఎక్కించుకొనుట స్నేహధర్మము కాదు.