పల్లేరుకాయకు విరుగుడు

మెట్ట ప్రాంతం వాళ్లకు సైకిలు ట్యూబు శత్రువు ఎవరో చెప్పనక్కర్లేదు. గట్ల మీద పల్లేరు, డొంక పొడుగునా సర్కారుతుమ్మ. 1888లో డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి ట్యూబు తొడిగినప్పుడు ఆయన మనసులో పల్లేరుకాయ వుండి వుండదు.

మా చెల్లెలు తొమ్మిదో తరగతి. హైస్కూలు మా వూరికి ఆరు కిలోమీటర్లు, దారిలో పంచరు షాపు లేదు. ఒకే నెలలో మూడుసార్లు పొద్దుగూకాక సైకిలు నడిపించుకుంటూ వచ్చేసరికి, "యిక బడి మానిపిద్దాం" అన్న మాట యింట్లో వినబడసాగింది. అందుకే ట్యూబులో పోసే ద్రవం సంగతి పట్టించుకున్నాను. దుకాణాల్లో దీన్ని సీలెంటు అంటారు.

జిల్లేడు ఆకు తుంచితే పాలు కారతాయి, కాసేపటికి గాయం మీదే గట్టిపడతాయి గదా! రబ్బరు చెట్టు పాలూ అంతే. సీసాలో గడ్డకట్టకుండా వాటిలో అమ్మోనియా కలుపుతారు. ట్యూబుకు చిల్లిపడగానే లోపలి గాలి పాలను చిల్లివైపు తోస్తుంది. అక్కడ అమ్మోనియా, నీరు ఎగిరిపోయి రబ్బరు బిరడాలా బిగుస్తుంది. రెండో రకంలో పాలుండవు. గ్లైకాల్ వంటి చిక్కని ద్రవంలో సన్నని పీచులు, నలుసులు వుంటాయి. పీచులు చిల్లిలో వలలా చిక్కుకుంటే నలుసులు సందులు పూడుస్తాయి. కాలువకు గండిపడితే ముందు కంపా గడ్డీ వేసి, తర్వాత మట్టి కొట్టమూ? అదే యిది. జువాలజీ మిత్రులకు రక్తం గడ్డకట్టడం గుర్తొస్తుంది.

రేసు సైకిలు ట్యూబులో ఒత్తిడి చదరపు అంగుళానికి 100 పౌన్ల దాకా వుంటుంది. అక్కడ ద్రవం నిలవకుండా బయటికి చిమ్మేయవచ్చు. మన పాతరకం సైకిళ్లలో 40 పౌన్ల చిల్లర, కాబట్టి మనకే యిది ఎక్కువ నప్పుతుంది.

పోయడం కష్టమేమీ కాదు. వాల్వు నట్టు విప్పి, లోపలి పుల్ల తీసి, సుమారు 100 మిల్లీలీటర్లు పోసి, గాలి కొట్టి చక్రం తిప్పాలి. చిక్కల్లా ఆ పుల్లకు తొడిగే వాల్వ్ ట్యూబుతోనే. ద్రవం తగిలితే అది అతుక్కుపోతుంది. గాలి కొట్టేముందు వాల్వు పైకి వుండేట్టు చక్రాన్ని కాసేపు నిలపాలి.

దీనికి హద్దులున్నాయి. మూడు మిల్లీమీటర్లు దాటిన చిల్లిని నమ్మలేం. గాజుపెంకు కోతకూ పనికిరాదు. చక్రం తిరిగేటప్పుడు ద్రవం టైరు వైపే పరుచుకుంటుంది, కనుక రిమ్ము వైపున పుల్ల మొన గుచ్చుకుంటే అక్కడికి చేరదు. పాలరకం మన ఎండలకు కొన్ని నెలల్లోనే యెండిపోతుంది, మళ్లీ పోయాలి.

మా చెల్లెలి వెనక చక్రంలో పోసి రెండు నెలలైంది. యిప్పటికి నాలుగు పల్లేరుకాయలు లాగాం, గాలి దిగలేదు. బడి మాట యింట్లో మళ్లీ రాలేదు. ముందు చక్రానికి ధాన్యం డబ్బు వచ్చాక అన్నాడు నాన్న.

మా పంచరు తాతకు మాత్రం యిది గిట్టదు. "విప్పితే జిగురు కారుద్ది, సొల్యూషన్ అంటదు" అంటాడు. నిజమే. అతుకు వేయాలంటే ముందు ట్యూబును నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, ఉప్పుకాగితంతో గీకాలి. ముల్లు లాగిన వెంటనే చిల్లి కిందికి వచ్చేట్టు చక్రం తిప్పి ఒక నిమిషం ఆపితే, చాలాసార్లు ఆయన దాకా పోయే పనే వుండదు.