స్టవ్వు నాబ్ ఎటు తిప్పాలి?

వంటింటి సామాను మీద కాలేజీ సావనీర్లో వ్యాసమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వండి గానీ, ఒక్క సంగతి ఆలోచించండి. మన పూండి, పలాస, టెక్కలి వైపు పల్లెల్లో కట్టెల పొయ్యికి నాబ్ లేదు. మంట పెరగాలంటే కట్టె లోపలికి తోస్తారు, తగ్గాలంటే బయటికి లాగుతారు. కొబ్బరి మట్టైనా, జీడి కొమ్మైనా, సరుగుడు కట్టైనా ఇదే పద్ధతి. చెయ్యి చేసే పనికీ మంట చేసే పనికీ మధ్య దాపరికం లేదు. అక్షరం ముక్క రాని మామ్మకి కూడా దాన్ని ఒకరు నేర్పనక్కరలేదు.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం మొదలయ్యాక గ్యాసు స్టవ్వు అలాంటి ఇళ్ళకీ చేరింది. పొగ బాధ తగ్గింది, సందేహం లేదు. కాని నాబ్‌తో పేచీ మొదలైంది. దాన్ని ముందు నొక్కాలి, ఆ తర్వాత ఎడమకి తిప్పాలి. నొక్కడం ఎందుకంటే, పిల్లలు ఆడుకుంటూ ఊరికే తిప్పెయ్యకుండా. అంతవరకు బాగానే ఉంది. తిప్పగానే వచ్చేది పెద్ద మంట, ఇంకా తిప్పితే 'సిమ్'! కుళాయి గాని, కిరసనాయిలు వత్తుల స్టవ్వు గాని తిప్పినకొద్దీ పెరుగుతాయి. ఇదేమో తిప్పినకొద్దీ తగ్గుతుంది. అందుకే కొత్తగా వాడే ముసలమ్మ మంట తగ్గిద్దామని నాబ్ వెనక్కి తిప్పి, "ఏటే గుంటా, తగ్గించబోతే ఆరిపోనాదేటి?" అంటుంది. వెలిగించడానికి గ్యాసు నిండుగా రావాలి కాబట్టి, సన్న మంట వెతుక్కుంటూ పొరపాటున ఆర్పెయ్యకుండా ఉండాలి కాబట్టి ఆ వరస పెట్టారు. కారణం మంచిదే, కాని అది ఆవిడకి నాబ్ మీద ఎక్కడా కనబడదు.

ఇలాంటప్పుడు తప్పు మనిషిదా, వస్తువుదా? రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బి-17 విమానాలు నేల మీదికి దిగాక, కొందరు పైలట్లు రెక్కల ఫ్లాప్‌లు మడవబోయి చక్రాలు మడిచేసేవారు. రెండు మీటలూ పక్కపక్కనే ఒకేలా ఉండేవి. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పైలట్లని తప్పుపట్టలేదు. చక్రాల మీటకి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్‌ల మీటకి రెక్కలాంటి ముక్క తగిలించమన్నాడు. ఇక చూడకుండానే చేతికి తెలిసిపోతుంది.

ఈయనే 1959లో లిండెన్‌బామ్‌తో కలిసి వంట స్టవ్వు మీద పడ్డాడు. నాలుగు బర్నర్లు చదరంగా ఉండి, నాబ్‌లు మాత్రం ఒకే వరసలో ఉంటే జనం తడబడ్డారు. వెనక బర్నర్లని కాస్త పక్కకి జరిపి, ఏ బర్నరు ఏ నాబ్‌కి ఎదురుగా ఉందో తెలిసేలా అమరిస్తే పరీక్షలో ఒక్క తప్పూ రాలేదు. మన రెండు బర్నర్ల స్టవ్వుకి ఈ గొడవ లేదు, ఎడమది ఎడమకి, కుడిది కుడికి. నాలుగు బర్నర్లది కొన్నవాళ్ళే జాగ్రత్తగా ఉండాలి. ఒక బర్నరు దగ్గర లైటరు నొక్కుతూ ఇంకో దాని నాబ్ తిప్పితే, మంట రాదు సరిగదా, పక్కన గ్యాసు పోతూనే ఉంటుంది.

మిక్సీ సంగతి ఇంకా చిత్రం. బరువెక్కువై మోటారు మాడిపోకుండా అది తనంతట తాను ఆగుతుంది. మళ్ళీ తిరగాలంటే అడుగున ఉన్న ఎర్ర బటను నొక్కాలి. అడుగున! మిక్సీని బోర్లించి చూసేదెవరు? సంచిలో పెట్టుకుని బస్సెక్కి పలాస రిపేరు షాపుకి తెచ్చేవాళ్ళే ఎక్కువ.

నా మటుకు ఈ సామానులన్నిట్లోకీ తెలివైనది ప్రెషర్ కుక్కరు. దాని మీద అంకె లేదు, అక్షరం లేదు. "పప్పుకి మూడు విజిల్స్" అంటే పెరట్లో బట్టలుతికే మనిషికి కూడా లెక్క అందుతుంది.

మరి ఇండక్షన్ స్టవ్వో? మంట కనబడదు. నున్నటి గాజు పలక మీద ఇంగ్లీషు అక్షరాలు. తడి వేలు పెడితే ఒకోసారి పలకదు, ఒకోసారి అక్కరలేని చోట పలుకుతుంది. చేతికి తగిలే గుర్తు ఒక్కటైనా లేదు. అందుకే కొన్ని ఇళ్ళల్లో చూడండి, 'ఆన్' బటను పక్కన ఎర్రటి బొట్టుబిళ్ళ అంటించి ఉంటుంది. కంపెనీ ఇంజనీరు వదిలేసిన పని ఆ ఇంటి ఇల్లాలు చేసుకుంది.