వేవిళ్ళు హద్దు దాటితే

మన ఇళ్ళలో కోడలికో, కూతురికో వేవిళ్ళు మొదలయ్యాయంటే పెద్దవాళ్ళకు సంబరం. "మేమంతా పడలేదా? నాలుగో నెల వస్తే అవే తగ్గుతాయి" అంటారు. చాలామంది విషయంలో అది నిజమే. కాని నూటికి ఒకరిద్దరికి గుక్కెడు మంచినీళ్ళు కూడా కడుపులో నిలవవు, ఒళ్ళు చిక్కిపోతుంది. దీన్ని డాక్టర్లు హైపరెమెసిస్ అంటారు. ఇది మామూలు వేవిళ్ళు కాదు, వైద్యం అవసరమైన జబ్బు.

వాంతులతో నీరు, లవణాలు పోతాయని అందరికీ తెలుసు. విటమిన్ బి1, అంటే థయమిన్ సంగతే తెలియదు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇది నిల్వ తక్కువగా ఉండే ఖాతా. ఒంట్లో మొత్తం ఉండేది సుమారు 30 మిల్లీగ్రాములే. జమ ఆగిపోతే రెండు మూడు వారాల్లో అడుగంటుతుంది. అప్పుడు దెబ్బ తగిలేది మెదడుకు. మాట తికమక అవుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది, నడక తూలుతుంది. 1881లో కార్ల్ వెర్నికె అనే జర్మన్ డాక్టరు ఈ జబ్బును ముగ్గురిలో గుర్తించి వివరించారు. ఇద్దరు తాగుడు అలవాటున్న మగవాళ్ళు. మూడో రోగి యాసిడ్ మింగి, ఆ తర్వాత ఆగని వాంతులతో తీసుకున్న ఒక కుట్టుపని అమ్మాయి.

ఇంకో ముఖ్య విషయం. గ్లూకోజును ఒంటికి పట్టించాలంటే బి1 కావాలి. నిల్వ లేని మనిషికి ముందుగా గ్లూకోజు ఎక్కిస్తే, మిగిలిన కాస్తా ఖర్చయి ప్రమాదం ముదరవచ్చు. అందుకే ముందు బి1, తర్వాతే గ్లూకోజు అన్నది పద్ధతి.

తెలుగువాళ్ళకు ఈ లోటు కొత్త కాదు. మరపట్టిన పచ్చిబియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి ఉండేది. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో అది అరుదు. వడ్లు ఉడికించినప్పుడు బి1 గింజలోకి ఇంకుతుంది. అయితే తిన్నది నిలవని మనిషిని ఏ బియ్యమూ కాపాడలేదు.

మన వేలూరు ఐడా స్కడర్ డాక్టరు కావడానికి కారణం, తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టమై చనిపోవడం. మగ డాక్టరు వద్దన్నారు ఇంటివాళ్ళు. తర్వాత ఆమె గుడియాత్తం దారి పొడుగునా చెట్ల కింద రోగులను చూశారు. ఇప్పుడు గుడియాత్తంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో వేలూరు సి.ఎం.సి. ఉంది. ఆలస్యమంతా "అందరికీ ఉండేదేగా" అన్న మాటలోనే.

రోజంతా ఏదీ నిలవకపోయినా, ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఎన్ని రోజులుగా తిండి లేదో చెప్పండి. "గ్లూకోజుకు ముందు బి1 ఇస్తున్నారా, డాక్టరుగారూ?" అని మర్యాదగా అడగండి. మాట తడబడినా, చూపు మారినా, నడక తూలినా తెల్లవారేదాకా ఆగకండి.