షటిల్‌కూ ఎండ తగులుతుంది

పిల్లలూ! మార్కాపురం ఎండల్లో షటిల్ ఆడుతుంటే అది మాటిమాటికీ చివరి గీత దాటిపోతుంది. తప్పు మీ చేతిదేనా? కాదు, అందులో గాలికీ వాటా ఉంది.

షటిల్ బరువు సుమారు 5 గ్రాములు. బెండులో గుచ్చిన 16 ఈకలు గొడుగులా విచ్చుకొని గాలికి అడ్డుపడతాయి. అందుకే ఎంత బలంగా కొట్టినా దాని వేగం ఇట్టే తగ్గిపోతుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. అప్పుడు నిరోధం తగ్గి షటిల్ మరింత దూరం పోతుంది. చలిలో ఇందుకు విరుద్ధం.

మరి పెద్ద పోటీల్లో ఏం చేస్తారు? 1899లో లండన్‌లో మొదలైన ఆల్ ఇంగ్లండ్ పోటీలనే చూడండి. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో తప్ప ఇవి ఏటా జరుగుతూ వచ్చాయి. మొదటి ఏడు డబుల్స్ మాత్రమే ఆడారు. సింగిల్స్ 1900లో చేరాయి. పురుషుల సింగిల్స్‌ను 1980లో ప్రకాష్ పదుకొనే, 2001లో పుల్లెల గోపీచంద్ గెలిచారు. గోపీచంద్ 1973లో పుట్టిన నాగండ్ల అప్పట్లో మన ప్రకాశం జిల్లా గ్రామమే.

ఈ పోటీలు హాలు లోపల ఆడతారు. వేడి ప్రదేశాలకు నెమ్మదైన షటిళ్ళు, చలి ప్రదేశాలకు వడిగలవి ఎంచుకుంటారు. ఒక చివరి గీత మీద నిలబడి, కింది నుంచి పూర్తి బలంతో కొడితే షటిల్ ఎదుటి చివరి గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. అదే సరైన షటిల్.

మీరూ పరీక్షించండి. గాలి వీచని రోజున ఒకే షటిల్‌ను పొద్దున పదిసార్లు, మధ్యాహ్నం పదిసార్లు కొట్టి, దూరాల సగటు కట్టండి. లెక్క రాసుకోవడానికి మార్కాపురంలో పలకలకు కొదవా!