చేను ఒకటే – కూలి రెండు రకాలు



మనం కోడి కూయకముందే లేస్తాం. వాకిలి ఊడుస్తాం. నీళ్లు తెస్తాం. వంట చేస్తాం. పిల్లలకు పెడతాం. సద్ది కట్టుకుని కూలికి పోతాం. చేనిలో కాలు పెట్టకముందే ఒక పూట పని అయిపోతుంది. ఆ పనికి కూలి లేదు. అది పని అని కూడా ఎవరూ అనరు.

సరే, కూలి వచ్చే పని సంగతి చూద్దాం.

నాట్ల రోజులు. మగవాళ్లు గట్లు చెక్కుతారు. నారు కట్టలు మోస్తారు. ఆడవాళ్లు నాట్లు వేస్తారు. పొద్దు గూకుతుంది. కూలి డబ్బులు చేతికి వస్తాయి. మగవాళ్లకు 500 రూపాయలు, ఆడవాళ్లకు 300 రూపాయలు ఇచ్చారనుకుందాం. తేడా ఎంత? 200 రూపాయలు. ఏడాదిలో 100 రోజులు పని దొరికితే తేడా ఎంత? పలక తీసుకుని లెక్క వేయండి. 20,000 రూపాయలు! ఆ డబ్బుతో పిల్లల చదువుకు ఎంత ఆసరా అయ్యేది! ఎంత అప్పు తీరేది!

ఈ తేడా ఎందుకు? అడిగితే ఏమంటారు? "ఆడవాళ్ల పని తేలిక" అంటారు.

నిజంగా తేలికా? నాటు వేసే మనిషి పొద్దస్తమానం నడుం వంచే ఉంటుంది. కాళ్లు బురదలో నానతాయి. వాన పడినా పని ఆగదు. మొక్క లోతుగా పోకూడదు, పైకి తేలకూడదు. అది నేర్పు కాదా? కలుపు తీయడం, పత్తి ఏరడం, మిరపకాయలు కోయడం తేలికా? మగవాళ్ల పని కూడా కష్టమే. కాదనడం లేదు. కానీ ఆడవాళ్లు చేసే పనులన్నీ తేలికని తేల్చింది ఎవరు? కూలి ఇచ్చేవాళ్లే. తేలిక అని పేరు పెడితే కూలి తగ్గించవచ్చు. అదీ అసలు సంగతి.

"మగవాడు ఇల్లు నడపాలి కదా" అని ఇంకో మాట అంటారు. మరి భర్త చనిపోయిన ఆడమనిషి ఇల్లు ఎవరు నడుపుతున్నారు? తాగుబోతు భర్త ఉన్న ఇల్లు ఎవరు నడుపుతున్నారు?

తేడాలు ఇంతటితో ఆగవు. భూమి ఉన్నవాళ్లు కూలి ఇస్తారు. భూమి లేనివాళ్లు కూలి తీసుకుంటారు. ఇది డబ్బు తెచ్చిన తేడా. తరతరాలుగా దళితులను ఊరికి దూరంగా పెట్టారు. బావి దగ్గరికి రానివ్వలేదు. హోటల్లో వేరే గ్లాసు పెట్టారు. చాలామందికి సెంటు భూమి దక్కలేదు. ఇది కులం తెచ్చిన తేడా. పేద మగవాడికి పేదరికం ఒక బరువు. పేద దళిత మగవాడికి రెండు బరువులు. పేద దళిత ఆడమనిషికి మూడు బరువులు. ఆమె చేసే పని మాత్రం అందరి కడుపూ నింపుతుంది.

"మన తలరాత ఇంతే" అంటారు కొందరు. తలరాత కాదమ్మా. నేలను పంచుకున్నది మనుషులు. కూలి రేటు కట్టినది మనుషులు. మనుషులు చేసినదాన్ని మనుషులే మార్చగలరు.

మార్చారు కూడా. 1950 జనవరి 26న మన రాజ్యాంగం అమలులోకి వచ్చింది. దాని ముసాయిదా రాసిన సంఘానికి అంబేద్కర్ అధ్యక్షుడు. అంటరానితనం రద్దయిందని రాజ్యాంగం చెప్పింది. సమానమైన పనికి సమానమైన కూలి ఉండేలా ప్రభుత్వం చూడాలని చెప్పింది. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. 2019లో పార్లమెంటు చేసిన వేతనాల చట్టంలోనూ అదే మాట ఉంది. నేర్పు, కష్టం, బాధ్యత ఒకటే అయితే ఆడవాళ్లకు తక్కువ ఇవ్వకూడదు. ఇంకో సంగతి కూడా ఉంది. సమానం చేస్తామని చెప్పి మగవాళ్ల కూలి తగ్గించకూడదు. అందుచేత మన ఇళ్లలోని మగవాళ్లు భయపడనక్కరలేదు.

ఇది కాగితం మీది మాటేనా? కాదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ పనిలో ఆడ రేటు, మగ రేటు అని రెండు పెట్టలేదు. ఎవరు చేసినా పనికి రేటు ఒకటే. ఒకే రేటు ఇస్తే పనులు ఆగిపోలేదు.

అయినా చేనిలో తేడా పోలేదు. ఎందుకు? అడగాలంటే భయం. ఒక్కరే అడిగితే "రేపటి నుంచి రావద్దు" అంటారు. నాట్ల అదనులో పదిమందీ కలిసి అడిగితే? అదను దాటితే చేను దెబ్బతింటుంది. ఆ సంగతి ఆసామికీ తెలుసు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మనలాగే రాత్రి బడిలో అక్షరాలు దిద్దారు. తాగుడు ఒక ఇంటిని ఎలా కూల్చిందో పాఠంలో చదివారు. ఇది మన కథే అనుకున్నారు. ఒక్కటై సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. 1992లో ఆ పోరాటం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. ఒక్కరే అడిగి ఉంటే అది జరిగేదా?

కలిసి మాట్లాడుకోండి:

1. మన ఊరిలో నాటుకు, కోతకు, కలుపుకు ఆడవాళ్ల కూలి ఎంత? మగవాళ్ల కూలి ఎంత? పలక మీద రాయండి.

2. ఏడాదికి తేడా ఎంత? లెక్క కట్టండి.

3. వచ్చే నాట్లకు ముందే ఎవరెవరం కలిసి అడుగుదాం? వాళ్ల పేర్లు మీ చేతితో రాయండి. మొదట మీ పేరు రాయండి.