ఏజెన్సీ అంచున బీఎస్‌డీ సర్వరు

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి చేరితే రెండవది, 53కి చేరితే మూడవది జారీ అవుతాయి. 2022 జూలైలో ఆ మట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే కాగా, వంతెనపై రాకపోకలను సైతం నిలిపివేయవలసి వచ్చింది. అటువంటి రోజుల్లో బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల మండలాల ప్రజలకూ, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, వరరామచంద్రాపురం మండలాల ప్రజలకూ గంటగంటకూ కావలసిన సమాచారం నీరు ఎంత పెరిగిందన్నదే. ఆ అంకెను, దానితోపాటు పునరావాస కేంద్రాలు, వైద్య శిబిరాల వివరాలను తెలుగులోనూ కోయ భాషలోనూ చూపే చిన్న వెబ్‌సైటును ఈ ప్రాంతపు స్వచ్ఛంద సంస్థో, కళాశాలో నడపదలచితే, దానిని ఏ యంత్రంపై నిలపాలన్నది మొదట తేల్చుకోవలసిన విషయం. ఆఫీసు మూలన ఉన్న కంప్యూటరుపై నిలిపితే కరెంటు పోయిన క్షణాన సైటు కూడా పోతుంది; కరెంటు పోయేదీ సరిగ్గా వరద రోజునే.

ఇటువంటి అవసరానికి వర్చువల్ ప్రైవేట్ సర్వరు, అంటే వాడుకలో వీపీఎస్, తగిన సాధనం. ఎక్కడో డేటా సెంటరులో రాత్రింబవళ్లు నడిచే ఒక పెద్ద యంత్రాన్ని హైపర్‌వైజర్ అనే ప్రోగ్రాము, ఒకే ఇంటిని వాటాలుగా విడదీసి అద్దెకిచ్చినట్లు, అనేక చిన్న యంత్రాలుగా విభజిస్తుంది. ఒక్కొక్క దానికి తనదైన మెమరీ, డిస్కు, ఇంటర్నెట్ చిరునామా ఉంటాయి, అందులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నడపాలో నిర్ణయించే అధికారం అద్దెదారుదే. డేటా సెంటర్లు ఇప్పుడు మరీ దూరాన లేవు. అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాన్ని 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో ప్రారంభించింది. ఇతర కంపెనీలు ముంబై, బెంగళూరు కేంద్రాల నుంచి ఇంకా చిన్న సర్వర్లను నెలవారీ అద్దెకు ఇస్తున్నాయి.

ఆపరేటింగ్ సిస్టమ్ అనగానే సర్వర్ల రంగంలో అందరి నోటా వచ్చే పేరు లినక్స్. దానికంటే పాత వంశం బీఎస్‌డీది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో, ఏటీ అండ్ టీ కంపెనీ వారి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు విద్యార్థులూ పరిశోధకులూ చేర్చిన మెరుగులను బిల్ జాయ్ 1977 నుంచి టేపులపై పంచసాగాడు. బర్కిలీ సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అన్న ఆ పంపకపు పేరే బీఎస్‌డీగా కుదించుకుపోయింది. నేటి ఇంటర్నెట్‌కు ఆధారమైన టీసీపీ ఐపీ నియమావళి విస్తృతంగా పరిశోధనశాలలకు చేరింది 1983 నాటి బీఎస్‌డీ విడుదలతోనే. 1992లో ఏటీ అండ్ టీకి చెందిన సంస్థ వేసిన దావా 1994లో రాజీతో ముగిసే వరకూ బీఎస్‌డీ భవిష్యత్తుపై అనుమానాలు ముసురుకోగా, ఆ రెండేళ్లలోనే కొత్తగా పుట్టిన లినక్స్ ముందుకు దూసుకుపోయింది. ఆ వంశం నుంచి నేడు ప్రధానంగా మూడు శాఖలు నిలిచాయి: 1993లో మొదలైన నెట్‌బీఎస్‌డీ, అదే ఏటి ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ నుంచి 1995లో థియో డి రాట్ విడదీసిన ఓపెన్‌బీఎస్‌డీ. సర్వరులోకి దూరం నుంచి భద్రంగా ప్రవేశించడానికి నేడు దాదాపు ప్రపంచమంతా వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఈ చివరి శాఖవారు 1999లో విడుదల చేసినదే. అంటే బీఎస్‌డీ పేరు వినని లినక్స్ నిర్వాహకుడు కూడా దానికి రోజూ రుణపడుతూనే ఉన్నాడు.

మన్యం అంచున ఉన్న చిన్న సంస్థకు బీఎస్‌డీ నచ్చడానికి వేగం, కీర్తి కంటే బలమైన కారణం వేరొకటి ఉంది. లినక్స్ పంపకాలలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రమైన కెర్నల్ ఒకరిది, పనిముట్లు మరొకరివి, వాటిని కలిపి అందించేది ఇంకొకరు. బీఎస్‌డీలో కెర్నల్, పనిముట్లు, వాటిని వివరించే మాన్యువల్ పుటలు ఒకే బృందం ఒకేచోట రాసి, ఒకేసారి విడుదల చేస్తుంది. వెబ్ సర్వరు, మెయిల్ సర్వరు, గడియారాన్ని సరిచేసే ప్రోగ్రాము, ఫైర్‌వాల్ అన్నీ ఓపెన్‌బీఎస్‌డీతోపాటే వస్తాయి. వాటి గురించి అడగవలసిన సంగతులు సర్వరులోపలే, ఉదాహరణలతో సహా, ఉంటాయి. మొదటిసారి సర్వరు ఆన్ అయ్యాక చేయవలసిన పనులన్నిటికీ ఆఫ్టర్‌బూట్ అనే ప్రత్యేక పుట ఉంది. వీడియో పాఠాలు తెరుచుకోని బలహీనమైన సిగ్నల్‌లో కూడా ఈ అక్షరాలు చకచకా దిగుతాయి. అడిగితే చెప్పే మనిషి ఊళ్లో లేనప్పుడు ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది.

స్థాపన కష్టమైనదేమీ కాదు. వీపీఎస్ కంపెనీల జాబితాలో బీఎస్‌డీ ఉంటే దానిని ఎంచుకోవడమే. లేకుంటే, చాలా కంపెనీలు అనుమతించే విధంగా, ఇన్‌స్టాలేషన్ డిస్కు నమూనా అయిన ఐఎస్‌ఓ ఫైలును ఎక్కించి, బ్రౌజరులో కనిపించే కన్సోల్ ద్వారా ప్రశ్నలకు జవాబులు ఇస్తూ పోవాలి. ఓపెన్‌బీఎస్‌డీ అడిగే ప్రశ్నల్లో అధికభాగానికి ఎంటర్ నొక్కితే సరిపోతుంది. నిర్వాహకుడి లాప్‌టాప్‌లో ఒక తాళపుచెవుల జంటను (కీ పెయిర్) తయారుచేసి, అందులో బహిరంగమైన చెవిని (పబ్లిక్ కీ) సర్వరులో ఉంచి, పాస్‌వర్డుతో ప్రవేశాన్నీ, సర్వాధికారి అయిన రూట్ ఖాతాతో నేరుగా ప్రవేశాన్నీ మూసివేయడం ఆ వెంటనే చేయవలసిన పని. కొత్త చిరునామా కనిపిస్తే చాలు, ప్రపంచం నలుమూలల నుంచీ యాంత్రికంగా పాస్‌వర్డులు ఊహించే ప్రయత్నాలు మొదలవుతాయి.

కొత్తవారు దెబ్బతినేది సాధారణంగా సర్వరులోకి ఏ రాకపోకలు సాగాలో నిర్ణయించే ఫైర్‌వాల్ దగ్గర. పీఎఫ్ అనే పేరుగల ఈ ప్రోగ్రాము 2001లో ఓపెన్‌బీఎస్‌డీలో వచ్చి, తర్వాత ఫ్రీబీఎస్‌డీలోకీ చేరింది. దాని నియమాలు ఇంచుమించు ఇంగ్లీషు వాక్యాల్లా చదువుకోవచ్చు. అయితే అనేక ఇతర ఫైర్‌వాళ్లలో మొదట సరిపోలిన నియమం చెల్లుతుండగా, పీఎఫ్‌లో, క్విక్ అన్న మాట చేర్చితే తప్ప, చివర సరిపోలినదే చెల్లుతుంది. అందువల్ల ముందు అన్నిటినీ అడ్డుకోమని రాసి, ఆ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ కోసం 22, వెబ్ కోసం 80, 443 ద్వారాలను (పోర్టులను) తెరవాలి. పాత అలవాటు కొద్దీ ద్వారాలను ముందు తెరిచి, అన్నిటినీ అడ్డుకొనే వాక్యాన్ని చివర పెట్టినవారు తమ సర్వరు నుంచి తామే బహిష్కృతులవుతారు. ఇందులో ఉన్న మాయ ఏమంటే ఆ తప్పు వెంటనే బయటపడదు: అప్పటికే కుదిరిన సంబంధాలను పీఎఫ్ తన పట్టికలో గుర్తుంచుకొని కొనసాగనిస్తుంది కనుక, రాసినవారి తెర మామూలుగానే పనిచేస్తూ ఉంటుంది, బయటికి వచ్చి తిరిగి ప్రవేశించబోయినప్పుడే తలుపు మూసుకున్న సంగతి తెలుస్తుంది. నియమాలను అమలు చేయకుండా పరీక్షించే సౌకర్యం ఉన్నా అది వ్యాకరణ దోషాలను పట్టుకుంటుందే కాని ఉద్దేశాన్ని ఊహించలేదు. ఉన్న కిటికీని మూయకుండా మరొక కిటికీలో ప్రవేశించి చూడడం ఒక్కటే నమ్మదగిన పరీక్ష. అది తప్పితే కంపెనీ వారి బ్రౌజరు కన్సోలే గతి.

లైను తెగిపోతుందన్న భయానికి కూడా ఇందులో విరుగుడు ఉంది. ఓపెన్‌బీఎస్‌డీతోపాటే వచ్చే టీమక్స్ అనే ప్రోగ్రాములో పని మొదలుపెడితే, చర్ల దారిలో సిగ్నల్ పోయినా సర్వరులో ఆ పని ఆగదు, మళ్లీ సిగ్నల్ దొరికాక ఆపినచోటు నుంచే కొనసాగించవచ్చు. భద్రతా సవరణలకు సిస్‌ప్యాచ్, కొత్త విడుదలకు మారడానికి సిస్‌అప్‌గ్రేడ్ అనే ఆదేశాలున్నాయి. రెండవది కావలసిన ఫైళ్లు దించుకొని, సర్వరును పునఃప్రారంభించి, పని ముగించి మళ్లీ సర్వరును తానే లేపుతుంది. ఆరు నెలలకొక విడుదల, సుమారు ఏడాదిపాటు మాత్రమే దానికి మద్దతు అన్నది ఓపెన్‌బీఎస్‌డీ పద్ధతి. ఈ విడుదలలు సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లోనూ, అక్టోబరు, నవంబరుల్లోనూ వస్తాయి గనుక, వానలు దిగకముందు ఒకసారి, గోదావరి శాంతించాక ఒకసారి మార్పు చేసుకోవడం ఈ ప్రాంతానికి చక్కగా అమరింది.

పాఠకుల చేతిలో ఉండేది ఎక్కువగా మొబైల్ ఫోనే. 2016లో వచ్చిన జియో నెట్‌వర్కు ప్రధానంగా ఐపీవీ6 అనే కొత్త తరం చిరునామాలపై నడుస్తుంది కాబట్టి, సర్వరుకు కూడా ఆ చిరునామా ఇస్తే మధ్యలో అనువాదపు అంచె తప్పుతుంది. బీఎస్‌డీలో ఆ సౌకర్యం మూలాలు జపాన్‌లో 1998 నుంచి 2006 వరకు సాగిన కామే ప్రాజెక్టులో ఉన్నాయి. కామే అంటే జపాను భాషలో తాబేలు, ఐపీవీ6 ద్వారా చూసినవారికి మాత్రమే ఆ ప్రాజెక్టు సైటులో తాబేలు నాట్యం చేసేది. పుటల బరువు సంగతి కూడా చూసుకోవాలి: యూనికోడ్‌ను నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులోని ప్రతి అచ్చుకు, హల్లుకు, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. కుదించి పంపితే ఆ భారం బాగా తగ్గుతుంది, బొమ్మలు లేని వరద పుట బలహీనమైన సిగ్నల్‌లోనూ తెరుచుకుంటుంది.

ఓపెన్‌బీఎస్‌డీ అన్నిటికీ చాలదు. ఎక్కువ డేటా దాచవలసిన సంస్థకు ఫ్రీబీఎస్‌డీ మేలు. అందులోని జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ క్షణంలో డిస్కు స్థితిని స్నాప్‌షాట్‌గా పట్టి ఉంచగలదు, 2000లో వచ్చిన జైల్స్ ద్వారా ఒకే సర్వరులో వెబ్‌సైటునూ డేటాబేసునూ ఒకదానికొకటి కనబడకుండా వేరుచేయవచ్చు. ప్రభుత్వ విభాగమో, దాతో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ డాకర్ రూపంలో వస్తే మాత్రం అది లినక్స్ కెర్నల్‌పై ఆధారపడినది కనుక, బీఎస్‌డీపై పట్టుదల వృథా శ్రమ. ఉద్యోగం మారిన నిర్వాహకుడి స్థానంలో బీఎస్‌డీ తెలిసినవారు దొరకడం ఖమ్మంలోనే కాదు, హైదరాబాద్‌లోనూ కష్టమన్నది కూడా లెక్కలో వేసుకోవాలి.

చట్టం వైపు నుంచి ఒక సంగతి మిగిలింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎస్ కంపెనీలు వినియోగదారుల వివరాలను ఐదేళ్లపాటు భద్రపరచాలి. సర్వీసు ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కార్పొరేట్, ప్రభుత్వ సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను, అంటే ఎవరు ఎప్పుడు ప్రవేశించారో తెలిపే నమోదులను, 180 రోజులు ఉంచాలి, సైబర్ ఘటనలను ఆరు గంటల్లోపు తెలియజేయాలి. ఓపెన్‌బీఎస్‌డీలో లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే ఆథ్‌లాగ్ ఫైలు వారానికొకసారి కొత్తదవుతూ, పాతవాటిలో ఏడింటిని మాత్రమే నిలుపుకుంటుంది. ఆ పాత ఫైళ్లు 49 రోజులకు మించవు. లాగ్‌లను తిప్పే న్యూసిస్‌లాగ్ అమరికల ఫైలులో ఆ వరుసలో ఏడు ఉన్నచోట 26 రాస్తే 182 రోజులవుతుంది, వెబ్ సర్వరు లాగ్‌ల వరుసల్లోనూ 180 రోజులు నిలిచేలా మార్పు చేయాలి.